బెంగళూరులో కాన్వెంటా, మఠం బడా, ట్రస్టు స్కూలా: తెలుగు తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

మా వైపు టై, బెల్టు, బూట్లు ఉంటే చాలు, ఆ బడి కాన్వెంటే. నంద్యాలలో నేను చదివిన కాన్వెంటును నడిపింది రిటైరైన లెక్కల మాస్టారు. అక్కడ సిస్టరూ లేదు, చర్చీ లేదు. పొద్దున ప్రార్థనలో సరస్వతీ శ్లోకం చదివేవాళ్ళం. పదకొండేళ్ళ కిందట బెంగళూరు వచ్చి రామమూర్తి నగర్‌లో ఇల్లు తీసుకున్నాక మా ఆవిడ "పాపను మంచి కాన్వెంట్లో వేద్దామండీ" అంది. ఆ మాట పట్టుకుని తిరిగితే మూడు బళ్ళు తేలాయి. ఒకటి నిజంగానే సిస్టర్లు నడిపేది. ఒకటి సెయింట్ పేరు పెట్టుకుని ఒక బిల్డింగ్ కాంట్రాక్టరు నడిపేది. మూడోది అపార్ట్‌మెంట్ల పక్కన కొత్తగా వెలసిన 'ఇంటర్నేషనల్'. ఇంటికి దగ్గర కదా అని మూడోదాంట్లో చేర్చాం. గేటు మీది పేరు వేరు, కాగితాల మీది పేరు వేరు అని తెలిసేసరికి రెండేళ్ళు గడిచాయి, ఒక అడ్మిషన్ ఫీజు గంగలో కలిసింది.

ఇప్పుడు పాప సిస్టర్ల బడిలో తొమ్మిదో తరగతి, బాబు ఒక హిందూ ట్రస్టు బడిలో నాలుగు. ఏటా దసరా దాటగానే ఆఫీసులో ఎవరో ఒకరు "అన్నా, పిల్లాడికి స్కూలు చూడాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని వస్తారు. వాళ్ళకు చెప్పే వరసలోనే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి అడుగు: ఇక్కడ ఎన్నేళ్ళు ఉంటారో తేల్చుకోండి

అందరూ రేటింగులతో మొదలుపెడతారు. తెలుగువాళ్ళు మొదలుపెట్టాల్సింది రాజ్యాంగం 371-డి అధికరణంతో. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ ఇంజినీరింగ్, మెడిసిన్ సీట్లలో పెద్ద వాటా లోకల్ అభ్యర్థులదే. లోకల్ అనిపించుకోవడానికి ప్రధానంగా చూసేది ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్ళు ఎక్కడ చదివారని. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. కర్ణాటక లెక్క వేరు. ఇక్కడి ప్రవేశ పరీక్ష సీఈటీలో రాష్ట్ర కోటాకు ఎక్కువమంది వాడుకునే దారి, ఒకటో తరగతి నుంచి సెకండ్ పీయూసీ (మన సీనియర్ ఇంటర్) లోపల కనీసం 7 ఏళ్ళు కర్ణాటకలో చదివి ఉండటం.

వేళ్ళ మీద లెక్కపెట్టండి. ఆరో తరగతిలో ఇక్కడ చేరితే సెకండ్ పీయూసీకి సరిగ్గా ఏడేళ్ళు. అందుకే నేను చెప్పేది, ఉండిపోయేవాళ్ళు ఆరులోపు రండి, తిరిగి వెళ్ళేవాళ్ళు తొమ్మిదిలోపు వెళ్ళండి. మధ్యలో ఊగితే రెంటికీ చెడ్డ రేవడే. ఎనిమిదిలో ఇక్కడికి వచ్చి, పది అయ్యాక "ఇంటర్ మటుకు హైదరాబాద్‌లో వేద్దాం" అని పంపిన పిల్లాడికి అక్కడ నాలుగేళ్ళు నిండవు, ఇక్కడ ఏడేళ్ళు నిండవు. తల్లిదండ్రుల నివాసాన్నో ఉద్యోగాన్నో బట్టి వేరే వెసులుబాట్లు కొన్ని ఉన్నాయి, ఏ ఏటి నోటిఫికేషన్ ఆ ఏడు చదువుకోవాలి. జేఈఈకి, నీట్‌లో 15 శాతం అఖిల భారత కోటాకు ఈ గొడవ లేదు. కానీ మీ పిల్లాడు ఆ ర్యాంకు కొడతాడని ఎల్‌కేజీలోనే రాసిపెట్టుకోలేం కదా.

ఈ లెక్కను బట్టే బోర్డు కూడా మారుతుంది. ఏ మూడేళ్ళకో బదిలీ అయ్యే ఉద్యోగమైతే సీబీఎస్‌ఈ ఉన్న బడి సుఖం. ఇక్కడే ఉండిపోతామంటే కర్ణాటక స్టేట్ సిలబస్‌ను తీసిపారేయకండి. ఫీజు తక్కువ, పీయూసీకి దారి సూటిగా ఉంటుంది.

రెండో అడుగు: బడిని నడిపేది ఎవరో కనుక్కోండి

నా అనుభవంలో ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన పని, ఇదే ఎవరూ చేయరు.

పాత మిషన్ బళ్ళున్నాయి. సెయింట్ జోసెఫ్స్ బాయ్స్ 1858లో, బిషప్ కాటన్ 1865లో, బాల్డ్విన్ 1880లో పుట్టాయి. కంటోన్మెంట్‌లో ఉండే యూరోపియన్లు, ఆంగ్లో ఇండియన్ల పిల్లల కోసం పెట్టినవి కాబట్టే ఇప్పటికీ మ్యూజియం రోడ్డు, రెసిడెన్సీ రోడ్డు, రిచ్‌మండ్ రోడ్డు చుట్టూనే కనిపిస్తాయి. మనకు అన్నీ ఒకే 'క్రిస్టియన్ స్కూళ్ళు'. నిజానికి మొదటిది జెసూట్ ఫాదర్లది, రెండోది చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాది, మూడోది మెథడిస్టులది. ఏ చర్చి కుటుంబాలకు ఆ చర్చి బడిలో కొంత ప్రాధాన్యం ఉండటం సహజం. మిగిలిన సీట్లకే మనం పోటీపడేది.

సిస్టర్ల బడి నిజమైనదో కాదో తెలుసుకోవడం కష్టమేం కాదు. ఏ కాంగ్రిగేషన్ (సిస్టర్ల సంఘం) వాళ్ళు నడుపుతున్నారని అడగండి, ఆఫీసులో ఠక్కున చెబుతారు. సాధారణంగా ఆవరణలోనే వాళ్ళ నివాసం ఉంటుంది. ఇంకో గుర్తు, హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ కొన్నేళ్ళకోసారి బదిలీ అవుతుంది. ఇది మంచీ చెడూ రెండూ. మా పాప చేరినప్పుడున్న సిస్టర్ ప్రతి పిల్లనూ పేరుతో పిలిచేది. ఆమె మంగళూరు వెళ్ళాక వచ్చినావిడ మొదటి వారంలోనే తల్లిదండ్రులను గేటు బయటే ఆపేసింది. బడి అదే, టీచర్లు వాళ్ళే, గాలి మారిపోయింది. అందుకే "ఫలానా కాన్వెంట్ చాలా బాగుంటుంది" అని ఎవరైనా అంటే, వాళ్ళ పిల్లలు ఏ సంవత్సరం చదివారో అడగాలి.

పేరులో సెయింట్ ఉన్నంత మాత్రాన చర్చికి సంబంధం ఉండాలని లేదు. సెయింట్ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. మా వీధి చివర బడికి పెట్టిన పునీతుడెవరో ప్రిన్సిపాల్‌కే తెలియదు.

మఠాలవి, హిందూ సంస్థలవి ఇంకో వరస. ఆదిచుంచనగిరి మఠం వాళ్ళవి బీజీఎస్ పేరుతో, సుత్తూరు మఠం వాళ్ళవి జేఎస్‌ఎస్ పేరుతో నడుస్తాయి. చిన్మయ మిషన్ వాళ్ళవి, పూర్ణప్రజ్ఞ వాళ్ళవి కూడా ఉన్నాయి. ఒకే మఠం కింద కూడా ఊరి శివారు స్టేట్ సిలబస్ బడికీ, ఏసీ గదుల సీబీఎస్‌ఈ బడికీ ఫీజులో నింగికీ నేలకీ ఉన్నంత తేడా ఉంటుంది. మఠం పేరు విని "ధర్మానికి చదువు చెబుతారు" అనుకుని వెళ్ళకండి. ముస్లిం సంస్థల్లో డాక్టర్ ముంతాజ్ అహ్మద్ ఖాన్ 1966లో మొదలుపెట్టిన అల్ అమీన్ పెద్దది. కుల సంఘాలవీ ఉన్నాయి. కోరమంగలలో కర్ణాటక రెడ్డి జన సంఘం వాళ్ళు వేమన పేరుతో విద్యాసంస్థలు నడుపుతారు. ఆ పేరు చూసి నాకు కొంచెం ఇల్లు గుర్తొచ్చిన మాట నిజం.

వీటన్నిటికీ దూరంగా, కనకపుర రోడ్డులో కృష్ణమూర్తి ఫౌండేషన్ వాళ్ళ వ్యాలీ స్కూల్ ఉంది. 1978 నాటిది. జిడ్డు కృష్ణమూర్తి మన మదనపల్లెలో పుట్టినాయన కాబట్టి తెలుగువాళ్ళలో ఆ బడి మీద మోజు ఎక్కువ. ర్యాంకులు, ట్యూషన్లు మనసులో పెట్టుకుని అక్కడికి వెళ్తే మాత్రం మీకూ వాళ్ళకూ ఇబ్బందే.

మిగిలినవన్నీ ట్రస్టులు, చైన్ స్కూళ్ళు. కాగితం మీద ప్రతి సీబీఎస్‌ఈ బడీ లాభాపేక్ష లేని ట్రస్టో, సొసైటీయో, ఆ తరహా కంపెనీయో నడపాల్సిందే. ఎంత పెద్ద కార్పొరేట్ పేరున్నా వెనకాల ఒక ట్రస్టు ఉంటుంది. ఎవరి పిల్లాడిదైనా ఫీజు రసీదు ఒకటి అడిగి తీసుకుని చూడండి. డబ్బు ఎవరి పేరున జమ అవుతోందో అందులో ఉంటుంది. గేటు మీద ఒక పేరు, రసీదు మీద ఇంకో పేరు, బస్సు బిల్లు మీద మూడో పేరు ఉంటే, ఆ మూడింటికీ చుట్టరికం ఏమిటో అడగాల్సిందే. మేం అడగలేదు.

మూడో అడుగు: బోర్డు గుర్తింపును కళ్ళారా చూడండి

మేం దెబ్బ తిన్నది ఇక్కడే. చేర్చేటప్పుడు "సీబీఎస్‌ఈ సిలబస్ సార్" అన్నారు. సిలబస్ వేరు, అఫిలియేషన్ వేరు. సీబీఎస్‌ఈ పుస్తకాలు ఎవరైనా కొని పాఠం చెప్పొచ్చు. పిల్లలను బోర్డులో నమోదు చేసేది తొమ్మిదో తరగతిలో కాబట్టి, అఫిలియేషన్ లేని బడి బండారం అప్పటిదాకా బయటపడకపోవచ్చు. మా పాప యూకేజీలో ఉండగా అదే బడిలో ఎనిమిదో తరగతి తల్లిదండ్రులు గేటు దగ్గర గుమిగూడారు. "అప్లై చేశాం, వస్తుంది" అంటూ మూడేళ్ళు నెట్టుకొచ్చి, చివరికి ఆ పిల్లలను వేరే బడి లెక్కలో చూపిస్తామన్నారట. ఆ సాయంత్రం మేం చెప్పులు విప్పకుండానే టీసీ అర్జీ రాసుకున్నాం.

చూడాల్సినవి ఇవి. ప్రతి గుర్తింపు పొందిన బడికీ యూడైస్ అనే దేశవ్యాప్త బళ్ళ రికార్డులో 11 అంకెల కోడ్ ఉంటుంది. కర్ణాటకవి 29తో మొదలవుతాయి. అది అడిగి, యూడైస్ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే యాజమాన్యం ఏ తరహాది, ఏ తరగతి వరకు ఉంది అన్నవి కనిపిస్తాయి. సీబీఎస్‌ఈ అన్న బడికి అఫిలియేషన్ నంబర్ ఉండాలి, కర్ణాటక బళ్ళవి 83తో మొదలవుతాయి. సారస్ అనే సీబీఎస్‌ఈ సైట్‌లో ఆ నంబర్ వేస్తే ఏ సంవత్సరం వరకు చెల్లుతుందో, పదో తరగతి వరకేనా పన్నెండు వరకా అన్నది తెలుస్తుంది. ఐసీఎస్‌ఈ బళ్ళకు కేఏ అక్షరాలతో మొదలయ్యే కోడ్ ఉంటుంది. నంబర్ చూసి ఊరుకోకండి, చిరునామా కూడా సరిపోల్చండి. జయనగర్ శాఖకు ఉన్న అఫిలియేషన్ సర్జాపుర శాఖకు పనికిరాదు. ఒకే పేరు మీద నాలుగు శాఖలున్న చోట ఈ మోసం సులభం.

సీబీఎస్‌ఈ బడి వెబ్‌సైట్‌లో 'మాండేటరీ పబ్లిక్ డిస్‌క్లోజర్' అని ఒక పేజీ పెట్టాలని బోర్డు నియమం. ఎక్కడో అడుగున, కనపడీ కనపడనట్టు ఉంటుంది. అందులో ట్రస్టు రిజిస్ట్రేషన్, రాష్ట్ర ప్రభుత్వ ఎన్‌ఓసీ, ఫైర్ సేఫ్టీ సర్టిఫికెట్, ఫీజు వివరాలు, పదో తరగతి ఫలితాలు, టీచర్ల సంఖ్య అన్నీ ఉంటాయి. ఒక అరగంట కూర్చుని చదివితే, ఓపెన్ డే రోజు వాళ్ళు చూపించే రంగుల వీడియోకన్నా ఎక్కువ తెలుస్తుంది. ఫైర్ సర్టిఫికెట్ తేదీ దాటిపోయిందా, సెక్షన్‌కు 40 మంది మించకూడదన్నది పాటిస్తున్నారా అన్న రెండూ నేను ముందు చూస్తాను. ఆ పేజీయే లేకపోతే, లేదా లింకులు తెరుచుకోకపోతే, నా వరకు ఆ బడి అక్కడితో సరి.

స్టేట్ సిలబస్ బడైతే ఆ ప్రాంతపు బ్లాక్ ఎడ్యుకేషన్ ఆఫీసర్ ఆఫీసుకు వెళ్ళి అడగొచ్చు. ఆయన్నే పొట్టిగా బీఈఓ అంటారు. కన్నడం రాదని జంకక్కర్లేదు, ఆ ఆఫీసుల్లో తెలుగు అర్థమయ్యేవాళ్ళు ఒకరైనా ఉంటారు.

నాలుగో అడుగు: కన్నడం తప్పదు, తెలుగు సంగతేమిటి?

కర్ణాటకలో 2015 చట్టం ప్రకారం ఏ బోర్డు బడి అయినా కన్నడాన్ని మొదటి భాషగానో రెండో భాషగానో చెప్పాలి. దీన్ని తప్పించుకునే దారులు వెతకడం మానేసి పిల్లలకు నేర్పించడం మేలు. మనవాళ్ళకు ఇది పంజాబీ పిల్లలకున్నంత కష్టం కాదు. లిపి సగం వచ్చినట్టే. మన తలకట్టు టిక్కు గుర్తులా ఉంటే వాళ్ళది అడ్డగీత. క, త, శ లాంటి కొన్ని అక్షరాల దగ్గరే తడబాటు. మాటల్లో మనం 'ప' అనే చోట వాళ్ళు తరచూ 'హ' అంటారు. పాలు హాలు అవుతుంది, పులి హులి అవుతుంది. ఈ ఒక్క కిటుకు చెబితే మా పాప బస్సుల మీద బోర్డులు చదవడం మొదలుపెట్టింది. తర్వాత ఇంట్లో తెలుగు రాసేటప్పుడు తలకట్లన్నీ అడ్డగీతలైపోయాయి. వాళ్ళ నాయనమ్మకు రాసిన ఉత్తరం చూసి ఆమె "ఇదేం రాతమ్మా, అడ్డదిడ్డంగా ఉంది" అంది.

ఆరు, ఏడు తరగతుల్లో వచ్చే పిల్లలకు మాత్రం నిజంగానే టెన్షన్. వేరే రాష్ట్రం నుంచి కొత్తగా వచ్చిన పిల్లలకు ఏం చేస్తారు, వేరే పుస్తకం ఉందా, విడిగా క్లాసు పెడతారా అని కన్నడం టీచర్‌నే కలిసి అడగండి. ఆఫీసులో అడిగితే "ఏం పర్లేదు సార్, అడ్జస్ట్ అవుతారు" అంటారు. ఈ ఊళ్ళో 'అడ్జస్ట్' అన్న మాట విన్నప్పుడల్లా జేబు తడుముకోవాలి.

తెలుగు సబ్జెక్టుగా దొరకదని కాదు. కర్ణాటక పదో తరగతి పరీక్ష ఎస్‌ఎస్‌ఎల్‌సీలో మొదటి భాషగా తీసుకోదగ్గ వాటిలో తెలుగు ఉంది. మొదటి భాషకే 125 మార్కులు. సీబీఎస్‌ఈలో అయితే ఆంధ్ర తెలుగు, తెలంగాణ తెలుగు అని రెండు సబ్జెక్టులు కూడా ఉన్నాయి. పుస్తకంలో ఉండటం వేరు, బడిలో టీచర్ ఉండటం వేరు. "తెలుగు ఉంది" అంటే వారానికి ఎన్ని పీరియడ్లు, పోయినేడు ఎంతమంది పరీక్ష రాశారు అని అడగండి. నేను చూసిన పది బళ్ళలో జవాబు ఇచ్చింది ఒక్కటే. మిగతావాళ్ళలాగే మేమూ ఆదివారం పొద్దున ఇంట్లోనే చెప్పుకుంటున్నాం.

ఐదో అడుగు: మత సంస్థ బడిలో లోపల ఏం జరుగుతుందో అడగండి

చాలామంది ఈ మాట ఎత్తడానికి మొహమాటపడతారు, తర్వాత ఇంట్లో గొణుక్కుంటారు. అడగడం తప్పు కాదు. రాజ్యాంగం 28వ అధికరణం మూడో భాగం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న విద్యాసంస్థలో పిల్లలను మత బోధనకు గానీ ఆరాధనకు గానీ కూర్చోబెట్టాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాలి. అలాగే 30వ అధికరణం మైనారిటీలకు తమ సంస్థలు తామే నడుపుకునే హక్కు ఇచ్చింది. ఆ రెండిటి మధ్యే మనం మాట్లాడుకోవాలి. అడ్మిషన్ ఫారంలో సన్న అక్షరాల్లో "బడి ప్రార్థనలు, కార్యక్రమాలు మాకు సమ్మతమే" అన్న వాక్యం ఉండొచ్చు. అక్కడ సంతకం పెడితే ఒప్పుదల ఇచ్చినట్టేనని వాళ్ళంటారు. చదివి పెట్టండి.

క్యాథలిక్ బళ్ళలో మామూలుగా జరిగేది ఏమిటంటే, ఒక పీరియడ్‌లో క్యాథలిక్ పిల్లలు క్యాటకిజం (వాళ్ళ మత బోధన) క్లాసుకు వెళ్తారు, మిగతావాళ్ళకు మోరల్ సైన్స్ ఉంటుంది. పొద్దున అసెంబ్లీలో ప్రార్థన అందరికీ ఉంటుంది. మా పాప మూడో తరగతిలో ఇంటికొచ్చి దేవుడి గది ముందు సిలువ గుర్తు వేసుకుని హారతి కళ్ళకద్దుకుంది. మా అమ్మ నవ్వింది, మా నాన్న నవ్వలేదు. ఆరో తరగతికి వచ్చేసరికి తనే రెండూ వేరు వేరుగా పెట్టుకుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు దీన్ని ఎలా తీసుకుంటారో ముందే మాట్లాడుకోండి, పిల్ల మీద పెట్టకండి.

మాకు నిజంగా తగాదా వచ్చింది ఆషాఢంలో గోరింటాకు దగ్గర. వాళ్ళ అమ్మమ్మ రాత్రంతా కట్టి పడుకోబెట్టింది. పొద్దునకు చేతులు ఎర్రగా మందారాల్లా ఉన్నాయి. మధ్యాహ్నానికి డైరీలో ఎర్ర సిరాతో నోటు వచ్చింది, చేతికి రంగులు నిషేధమని. గాజులు, పూలు, బొట్టు సైజు, కాళ్ళకు పట్టీలు, అయ్యప్ప మాల వేసుకున్న మగపిల్లల నల్లబట్టలు, వీటి గురించి బడి నియమాల పుస్తకం అడిగి చదవండి. సిస్టర్‌ను వెళ్ళి కలిస్తే "ముందే చిన్న లెటర్ రాసి ఇస్తే చాలు, పండగలకు మినహాయిస్తాం" అంది. ఆ సంగతి పుస్తకంలో లేదు, అడిగితేనే తెలిసింది.

మఠం బళ్ళలో, హిందూ ట్రస్టు బళ్ళలో నియమాలు ఉండవని అనుకోకండి. మా వాడి బడిలో శాకాహారమే. మొదటి వారంలో ఎగ్ పఫ్ పెట్టి పంపితే బాక్సు మూత కూడా తియ్యకుండా అలాగే తిరిగొచ్చింది, దాని మీద ఒక చీటీతో. పొద్దున గీతా శ్లోకాలు, శనివారం భజన. మనం ఏ మతమైనా, ఏ మతం లేకపోయినా ఈ ప్రశ్నలు అందరికీ ఒకటే. అసెంబ్లీలో ఏం చదువుతారు? రాకపోతే పిల్లను ఎక్కడ కూర్చోబెడతారు? దానికి మార్కులున్నాయా? ముస్లిం యాజమాన్య బడైతే శుక్రవారం వేళలు, అరబ్బీ క్లాసు ఐచ్ఛికమా కాదా అన్నవి కలపండి.

సెలవుల పట్టిక ఇప్పుడే అడిగి ఉంచుకోండి. ఇక్కడ దసరాకు పెద్ద సెలవులు, సంక్రాంతికి ఒక్కరోజు. మిషన్ బళ్ళు కొన్ని దసరా సెలవులు తగ్గించి క్రిస్మస్‌కు ఇస్తాయి. మాకు ఒక పిల్లకు డిసెంబరులో, ఒక పిల్లాడికి అక్టోబరులో సెలవులు. ఇద్దరికీ కలిసేది ఎండాకాలమే. సంక్రాంతికి ఊరెళ్ళి భోగి, కనుమ చూడాలంటే బడి ఎగ్గొట్టాల్సిందే. జనవరి 16న మా ఆఫీసులో తెలుగు పిల్లలందరికీ ఒకేసారి 'జ్వరం' వస్తుంది.

ఆరో అడుగు: గేటు దగ్గర నిలబడండి

ఓపెన్ డేకు వెళ్ళడం కాదు. మామూలు మంగళవారం మధ్యాహ్నం మూడుంబావుకు వెళ్ళి గేటు ఎదుట చెట్టుకిందో బేకరీ ముందో నిలబడండి. పిల్లలు ఎలా బయటికొస్తున్నారు, ఆయా చిన్నపిల్లలను చెయ్యి పట్టుకుని బస్సెక్కిస్తోందా, వాచ్‌మన్ అరుస్తున్నాడా, ఐడీ కార్డు చూడకుండా పిల్లను ఎవరికైనా అప్పగిస్తున్నారా. పక్కనే నిలబడ్డ తల్లితో మాట కలపండి. బెంగళూరులో ఏ గేటు దగ్గరైనా "తెలుగా అండీ?" అంటే రెండో మనిషో మూడో మనిషో "అవునండీ, మీదే ఊరు?" అంటారు. ఆ పది నిమిషాల్లో తెలిసింది ఏ వెబ్‌సైట్‌లోనూ ఉండదు.

దూరం గురించి ఒకే మాట. మ్యాప్‌లో ఆదివారం చూసిన 20 నిమిషాలు సోమవారం గంట. బస్సు రూటులో మీ స్టాపు మొదటిదా చివరిదా అని అడగండి. మొదటిదైతే పిల్ల ఆరున్నరకే ఇల్లు వదలాలి. పెద్ద పేరున్న బడి కోసం రోజుకు రెండున్నర గంటలు బస్సులో ఉంచడం నాకైతే నచ్చదు, ఎల్‌కేజీ పిల్లకైతే అసలే నచ్చదు.

ఏడో అడుగు: ఫీజును మొదటి ఏడాదిగా కాదు, మొత్తంగా లెక్కేయండి

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ట్యూషన్ ఫీజు 96,000 అని చెబుతారు. అడ్మిషన్ ఫీజు 40,000, యాక్టివిటీల పేరుతో 12,000, బస్సు 32,000, పుస్తకాలు యూనిఫాం బూట్లు 14,000. కలిపితే మొదటి ఏడాది 1,94,000. చెప్పినదానికి ఇది రెట్టింపు. ఏటా పది శాతం పెరిగితే ఏడేళ్ళలో ఆ 96,000 కూడా దాదాపు రెట్టింపవుతుంది. "పోయిన మూడేళ్ళలో ఎంతెంత పెంచారు?" అన్నది మీరు అడగాల్సిన ప్రశ్న. వాళ్ళు చెప్పకపోతే గేటు దగ్గరి తల్లి చెబుతుంది.

డొనేషన్ అడిగితే రసీదు ఇస్తారా అని అడగండి. కర్ణాటకలో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ 1984లోనే చట్టం ఉంది, కేంద్ర విద్యాహక్కు చట్టమూ నిషేధించింది. ఫిర్యాదు బీఈఓకు గానీ, జిల్లాధికారి (మన కలెక్టర్) అధ్యక్షతన ఉండే జిల్లా విద్యా నియంత్రణ ప్రాధికారానికి గానీ ఇవ్వొచ్చు. అయితే పిల్లను చేర్చాలనుకున్న బడి మీద ముందే ఫిర్యాదు ఇచ్చినవాళ్ళను నేను చూడలేదు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు ఇద్దరు పిల్లల వరకు ట్యూషన్ ఫీజును పన్ను మినహాయింపు కింద చూపించుకునే వీలుంది, డొనేషన్‌కూ డెవలప్‌మెంట్ ఫీజుకూ లేదు. రసీదులో ట్యూషన్ ఫీజు విడిగా రాయమనండి.

విద్యాహక్కు కింద 25 శాతం ఉచిత సీట్ల మీద ఆశ పెట్టుకునేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కర్ణాటక 2019లో నియమం మార్చింది. దగ్గరలో ప్రభుత్వ బడో ఎయిడెడ్ బడో ఉంటే ప్రైవేటు బడిలో ఆ సీటు దొరకదు. మైనారిటీ సంస్థలకు ఈ చట్టమే వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పును పెద్ద ధర్మాసనం మళ్ళీ చూడాలా అన్న ప్రశ్నను 2025లో ప్రధాన న్యాయమూర్తికి పంపారు.

ఎనిమిదో అడుగు: దరఖాస్తు, వయసు, ఇంటరాక్షన్

పేరున్న బళ్ళు జూన్ సీటుకు అంతకు ముందు ఏడాది చివర్లోనే ఫారాలు ఇస్తాయి. ఏప్రిల్‌లో బదిలీ ఆర్డరు పట్టుకుని వచ్చేవాళ్ళకు మిగిలేవి కొత్త బళ్ళు, ఖాళీ అయిన సీట్లు. ఐదారు చోట్ల ఫారాలు వేయండి, ఫారం ఖర్చు తిరిగిరాదని లెక్కలో పెట్టుకోండి.

వయసు దగ్గర మనవాళ్ళు చాలామంది బోల్తా పడతారు. ఊళ్ళో రెండున్నరకే నర్సరీలో వేసి, ఐదుకే ఒకటో తరగతికి తెస్తారు. ఇక్కడ ఒకటో తరగతికి జూన్ 1 నాటికి 6 ఏళ్ళు నిండాలన్నది నియమం. 2025–26లో ఒక్క ఏడాదికి 5 ఏళ్ళ 5 నెలలకు సడలించారు. ఊళ్ళో యూకేజీ అయిన పిల్లను మళ్ళీ యూకేజీలో కూర్చోమంటే తాతయ్యలకు అవమానంలా ఉంటుంది. ఒక ఏడు పోతే కొంప మునగదని నచ్చజెప్పుకోవాలి.

చేర్చుకునేటప్పుడు పిల్లకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టకూడదని విద్యాహక్కు చట్టం చెబుతుంది. మొదటిసారికి 25,000, ఆ తర్వాత ప్రతిసారికీ 50,000 వరకు జరిమానా కూడా ఉంది. అందుకే దాని పేరు 'ఇంటరాక్షన్' అయింది. మా ఆవిడ ఇంగ్లీషు రాదేమోనని వారం రోజులు నిద్రపోలేదు. తీరా సిస్టర్ అడిగింది "పాప ఇంట్లో తనంతట తనే అన్నం తింటుందా?" అని ఒక్క ప్రశ్న, అదీ వచ్చీరాని తెలుగులో.

తొమ్మిదో అడుగు: కాగితాలు

బర్త్ సర్టిఫికెట్, ఆధార్, ఫొటోలు, పాత మార్కుల కార్డు. వేరే రాష్ట్రం నుంచి వస్తుంటే టీసీ మీద అక్కడి విద్యాధికారి కౌంటర్ సంతకం పెట్టించుకునే బయల్దేరండి. ఇక్కడికి వచ్చాక దానికోసం మళ్ళీ రాత్రి బస్సెక్కాలి. యూడైస్‌లో పిల్లకు ఇచ్చిన పెన్ (పర్మనెంట్ ఎడ్యుకేషన్ నంబర్)ను పాత బడిలో రాయించుకోండి. అది ఉంటే కొత్త బడి వాళ్ళు పిల్ల రికార్డును ఆన్‌లైన్‌లో తమ వైపు మార్చుకుంటారు.

చివరగా ఇంటిపేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడ పేరు తర్వాత ఇనిషియల్ పెడతారు, ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని గళ్ళుంటాయి. బర్త్ సర్టిఫికెట్‌లో ఒక వరస, ఆధార్‌లో ఒక వరస, టీసీలో పొడి అక్షరాలు ఉంటే క్లర్కు తనకు తోచినట్టు రాసేస్తాడు. పదో తరగతి మార్కుల కార్డు మీద ఆ పేరే వస్తుంది. మూడింట్లో ఒకేలా ఉండేట్టు ఎల్‌కేజీలోనే సరిచేయించండి. తొమ్మిదిలో బోర్డు నమోదు ఫారం ఇంటికి పంపినప్పుడు ప్రతి అక్షరం వేలు పెట్టి చదవండి. ఈ జులైలో మా పాప ఫారంలో 'రెడ్డి'లో ఒక 'డి' తగ్గింది. సంతకం పెట్టే ముందు చూశాం కాబట్టి ఒక అర్జీతో పోయింది.